వేగం పెంచిన జాతకం

"ఒక పిల్లకి రెండు జాతకాలేంది సామీ?"

గోవిందస్వామి రెండు కాగితాలూ బల్లమీద పక్కపక్కన పరిచాడు. రెండూ ఆయన కూతురు హేమమాలినివే. రెండూ వాషర్‌మెన్‌పేట్‌లో జనార్దనంగారి కంప్యూటర్ జాతకాల కొట్టులో, ఒకే మిషను మీద అచ్చయినవే. పుట్టిన తేదీ ఒకటే, టైము ఒకటే, నక్షత్రం ఒకటే. కానీ పోయిన వారం కాగితంలో కుజుడు ఆరో ఇంట్లో ఉన్నాడు, దోషం లేదు. పెళ్ళివారు ఇంకో కాపీ అడిగారని నిన్న తీయించుకున్న దాంట్లో కుజుడు ఏడో ఇంటికి మారిపోయాడు.

"చెవ్వాయి దోషం, అదే కుజదోషం, ఉందని తెలిస్తే వాళ్ళు పెళ్ళి ఆపేస్తారు. దాచిపెట్టి చేసినామనుకో, రేపు ఆ పిల్లోడికి ఏమైనా అయితే నేను బతకతానా? పదకొండు రోజులే ఉంది సామీ. ఏది నిజమో చెప్పండి. చేత్తో రాయించిన పాత జాతకం వాననీళ్ళలో పోయింది."

హేమమాలిని తండ్రి వెనకాల నిలబడి ఉంది. చేతిలో అప్పుడే కొన్న పెళ్ళిచీర సంచి. దాన్ని కింద పెట్టాలో పట్టుకునే ఉండాలో ఆమెకు తెలియడం లేదు.

జనార్దనం మిషను వైపు చూశాడు. కొట్టులో ఆ మిషను నడిపే కోకిల నేల వైపు చూసింది.

"తప్పు నాదే సార్" అంది. "మిషను వేగం పెంచినా."

"మిషనుకు వేగం పెంచేదేంది?"

"లోపల చిన్న ముక్క ఉంటుంది సార్, జంపర్ అంటారు. దాన్ని పీకి పక్క పిన్నుల్లో పెడితే ఇరవై ఐదున్న వేగం ముప్పై మూడవుతుంది. పుస్తకంలో చదివి నేనే చేసినా, నెలరోజులైంది. ఒక జాతకానికి పది నిమిషాలు పడతా ఉండె కదా. జనం వెళ్ళిపోతున్నారని మీరే విసుక్కుంటా ఉంటిరి."

"నిదానమే ప్రధానం అని కూడా నేనే కదమ్మా చెప్పేది."

"అది వచ్చినోళ్ళకి చెప్తారు సార్. నాకు త్వరగా కానీ అంటారు."

జనార్దనం కండువాతో మెడ తుడుచుకున్నాడు. కోకిల గొంతు తగ్గించింది. "వేగం పెంచితే వేడెక్కుతుంది. వేడెక్కితే ఒక్కోసారి లెక్క తప్పుతుందంట. అది నేను పూర్తిగా చదవలే. ఈ రెండిట్లో ఏది తప్పిందో నాకూ తెలీదు సార్."

తెలిసిన సగంతో పని మొదలుపెట్టడం లోకంలో అందరూ చేసేదే. పాపం, కోకిల సగం మాత్రం ఒకరి పెళ్ళి మీదికి వచ్చింది.

"పాత వేగానికి మార్చి మళ్ళీ తియ్యి. అదే నిజం" అన్నాడు గోవిందస్వామి.

కోకిల మిషను డబ్బా విప్పింది. నడివేసవి కత్తిరి ఎండలు. కొట్టులో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ నెలరోజులుగా మనుషులకు కాక ఆ మిషనుకే తిరుగుతోంది. లోపల చెయ్యి పెట్టబోయి చురుక్కుమంటే వెనక్కి లాక్కుంది. కాసేపాగి, జంపర్ పీకి పాత చోట పెట్టి, స్విచ్ వేసింది.

బీప్ అనే చప్పుడు రాలేదు. తెర నల్లగా ఉండిపోయింది. మళ్ళీ వేసింది. నాలుగుసార్లు వేసింది.

"పోయింది సార్" అంది, ఏడుపు ఆపుకుంటూ. చవకలో దొరికిందని కొన్న పాత ఫోర్ ఎయిటీ సిక్స్ కంప్యూటర్. నెలరోజులు దాని శక్తికి మించి పరుగెత్తి, అడిగిన రోజున పడుకుంది.

గోవిందస్వామి కుర్చీలో కూలబడ్డాడు. "ఇంక నేనేం చేసేది సామీ?"

జనార్దనం హేమమాలినిని దగ్గరికి పిలిచాడు.

"పిల్లోడితో మాట్లాడినావా అమ్మా?"

"మాట్లాడినా తాతా. పక్కింటికి ఫోన్ చేస్తాడు."

"ఏం మాట్లాడతాడు?"

ఆమె తండ్రి వైపు ఒకసారి చూసింది. "ముందు మా నాన్న హార్బర్ పని నుంచి ఇంటికొచ్చినాడా అని అడుగుతాడు. నా సంగతి దాని తరవాతే."

గోవిందస్వామి తల తిప్పుకుని వీధిలోకి చూశాడు. ఈ సంగతి ఆయనకు ఇప్పుడే తెలిసింది.

"సరి. కూర్చోండి. చేత్తో వేస్తా" అన్నాడు జనార్దనం. పాత పంచాంగం తీసి దుమ్ము దులిపాడు. ఒడిలో అట్ట పెట్టుకుని, దానిమీద తెల్లకాగితం పెట్టుకుని, పెన్సిల్ తీశాడు. మిషను వచ్చాక ఆయన పెన్సిల్ పట్టడం కోకిల చూడనే లేదు.

అరగంట రాశాడు. పెదవులు కదిలాయి. బొటనవేలు కణుపుల మీద లెక్కపెట్టింది. మధ్యలో ఒకసారి పంచాంగం పేజీ తిప్పి, కళ్ళు మూసుకుని, మళ్ళీ రాశాడు. ఫ్యాను చచ్చిన మిషనుకు గాలి విసురుతూనే ఉంది.

చివరికి పెన్సిల్ కింద పెట్టాడు.

"దోషం లేదు. కుజుడు ఆరో ఇంట్లోనే ఉన్నాడు. నిన్నటి కాగితం తప్పు."

"నిజంగానా సామీ?"

"యాభై ఏళ్ళుగా ఇదే పని నాయనా. నా మాట మీద పెళ్ళి చెయ్యి." నిన్నటి కాగితాన్ని నాలుగు ముక్కలుగా చించి బుట్టలో వేశాడు.

గోవిందస్వామి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాడు. చీర సంచి గుండెకు పట్టుకుని హేమమాలిని మెట్లు దిగింది.

"నన్ను పనిలోంచి తీసేస్తారా సార్?" అని అడిగింది కోకిల.

"దేనికి? రేపు మెకానిక్కును పిలువు. ఈసారి పుస్తకం మొత్తం చదువు." జనార్దనం కండువా దులుపుకుని లేచాడు. "కాఫీ తాగొస్తా."

ఆయన వీధి మలుపు తిరిగాక కోకిల ఆ అట్ట తీసుకుంది. ఈ లెక్క ఒకసారి సరిగ్గా నేర్చుకుంటే ఇంకెప్పుడూ మిషనును నమ్మి మోసపోనక్కర్లేదు అనుకుంది. కాగితాన్ని వెలుతురులో పెట్టి, కుజుడు ఎక్కడున్నాడో వెతికింది.

పైనుంచి కిందిదాకా, వరసలు వరసలుగా, శ్రీరామ శ్రీరామ శ్రీరామ. కాగితం మొత్తానికీ ఒక్క అంకె లేదు.