ఒక్క బీప్

ఇందుమూలంగా సకల జనులకు తెలియజేయునది ఏమనగా, మా బావగారి ముప్పయ్యేళ్ల నాటి కంప్యూటరుకు ఈ ఉదయం పది గంటలకు మెమరీ పెంచబడినది.

కంప్యూటర్లు బాగుచేయడమే బావ వృత్తి. చూపు పోయిన ఈ ఆరు నెలల్లో స్క్రూడ్రైవరు పట్టడం ఇదే మొదటిసారి. పాత పవర్ సప్లై విప్పి కొత్తది బిగించాడు. మెమరీ ముక్కల గాడి వేలితో తడిమి చూసుకుని, రెండూ నొక్కాడు. నేను టార్చి పట్టుకున్నాను, ఎవరి కోసమో నాకే తెలియదు.

"ఒక్క బీప్ వస్తే బతికినట్టు. రాకపోతే నా చేతులు కూడా పోయినట్టేరా బామ్మర్దీ. ఊఁ, స్విచ్ వెయ్యి," అన్నాడు.

వేశాను. బీప్‌మంది.

బావ నవ్వాడు.

"గొంతు కాస్త బొంగురుపోయింది. ముసలిది కదా. దుకాణం తాళాలు ఎక్కడ పెట్టిందో మీ అక్కనడుగు, రేపు తెరుద్దాం."

నా మాటల్లో ఎప్పుడూ ముప్పాతిక కోతలే గానీ, ఇందులో కల్పించింది ఒక్కటే. ఫ్యాను తిరుగుతోంది, స్క్రీను మాత్రం నల్లగానే ఉంది. ఆ బీప్ నేను నోటితో అన్నది.

అక్క లోపల తాళాలు వెతుకుతోంది.