పెడల్ రోగం

"పెడల్ మీద కాలేస్తే ఏమవుతోందో అడుగు వదినా."

అడగాల్సిన మనిషి మూడడుగుల దూరంలోనే, వెల్డింగ్ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వదిన చేతిలోని చీపురు గోడకి ఆనించి అటు తిరిగింది.

"ఏవండీ, మీ తమ్ముడు ఏమవుతోందని అడుగుతున్నాడు."

"ఏమీ కావట్లేదని చెప్పు. గ్యాసూ రాదు, నిప్పూ రాదు."

"విన్నావుగా. మీ ఇద్దరి మధ్యా నేనొక కేబుల్‌నైపోయాను. ఏదో ఒకరోజు నేనూ కాలిపోతాను."

తమ్ముడు నవ్వు దిగమింగుకున్నాడు. షెడ్డు పంచుకున్న రోజున బిగుసుకున్న అన్న మూతి రెండేళ్ళయినా వదులు కాలేదు. చుట్టుపక్కల టిగ్ వెల్డింగ్ మిషన్ల గుట్టు తెలిసినవాడు తమ్ముడొక్కడే కాబట్టి, పెడల్ మొరాయించినప్పుడు మాత్రం కబురు వచ్చేది. నెలకోసారి మొరాయించేది.

మిషన్ మీది మీటని పెడల్ నుంచి, చేత్తో పట్టుకుని వెల్డింగ్ చేసే టార్చ్ స్విచ్ వైపు తిప్పాడు. ముసుగు మొహం మీదికి లాక్కుని, టార్చ్‌ని ఇనుప ముక్క దగ్గరికి చేర్చి బొత్తాం నొక్కాడు. గ్యాసు బుస్సుమంది. మొనలో నీలంగా మంట లేచి నిలబడింది.

"మిషన్ బాగుంది, టార్చ్ బాగుంది. రోగమంతా పెడల్‌లోనే ఉందని చెప్పు వదినా."

"ఎప్పుడూ అక్కడేగా ఉండేది," అంది వదిన, ఎవరితోనూ కానట్టు.

నేల మీద బాసింపట్టు వేసుకుని పెడల్‌ని బోర్లించాడు. రోగం ఎక్కడుందో అతనికి తెలుసు. లోపలి స్విచ్చికి వైరుని పట్టి ఉంచే చిన్న స్క్రూ. బాగుచేసిన ప్రతిసారీ దాన్ని అరచుట్టు వదులుగా ఉంచేది అతనే. అన్న కాలు తొక్కగా తొక్కగా, నెల తిరిగేసరికి వైరు జారేది. ఆ వంకతో ఓ గంటసేపు అన్న దగ్గు వినొచ్చు. అన్న చొక్కాలోంచి వచ్చే కాలిన ఇనుము వాసన పీల్చుకోవచ్చు. ఎప్పటికైనా నోరు జారి ఒక్కసారి 'ఒరేయ్' అనకపోతాడా అని ఆశ.

మూత తీశాడు. చెయ్యి ఆగిపోయింది.

స్క్రూ గట్టిగా బిగించి ఉంది. దాని తల మీద ఎర్ర రంగు చుక్క. తాను బిగించిన ప్రతి స్క్రూ మీదా చుక్క పెట్టడం అన్న అలవాటు.

అంటే దొంగాట బయటపడింది. తలెత్తి చూడలేకపోయాడు. ఇక ఈ షెడ్డు నుంచి కబురు రాదు.

మరి వైరు బాగుంటే పెడల్ ఎందుకు పనిచేయట్లేదు? కేబుల్ వెంట వేళ్ళు జరుపుకుంటూ మిషన్ దాకా పోయాడు. ప్లగ్ దాని చోట అది ఉన్నట్టే ఉంది గానీ, పట్టుకోగానే చేతిలోకి వచ్చేసింది. దాన్ని బిగించే రింగు పూర్తిగా విప్పేసి ఉంది. ఏ మెకానిక్ అయినా మొదట చూసేది అదే. అన్నీ తెలుసనుకున్న తనొక్కడే చూడలేదు. నాలుగు చుట్లు తిప్పితేగానీ ఆ రింగు ఊడదు. దానంతటది వదులయ్యే రకం కాదు.

వదిన వంక చూశాడు. ఆవిడ తెల్లమొహం వేసింది. అన్న మాత్రం టార్చ్‌లో పెట్టే టంగ్‌స్టన్ కడ్డీ మొనని వెలుతురులో పెట్టి ఎంతకీ తెమలకుండా పరీక్షిస్తున్నాడు.

రింగు బిగించాడు. మీట తిప్పి పెడల్ మీద కాలు వేశాడు. గ్యాసు బుస్సుమంది.

"అయిపోయిందని చెప్పు వదినా. ఇక పాడవదు." సంచీ సర్దుకుని గుమ్మం దాకా నడిచాడు.

ఆ మాట అందించడానికి వదిన భర్త వైపు తిరిగింది. అన్న చెయ్యెత్తి ఆమెని ఆపేశాడు.

"ఆదివారానికల్లా మళ్ళీ పాడవుతుందిరా. ఈసారి పిల్లల్ని కూడా తీసుకురా."