టాబుకి యోబు పెట్టిన పరీక్ష

"వెనక్కి పట్టుకుపో బాబూ! ఇది మా గడప తొక్కదు," అన్నాడు యోబు, గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి.

పార్సిల్ తెచ్చిన ఫయాజ్ పెట్టెని గుండెలకి హత్తుకుని తండ్రి వంకా కూతురి వంకా మార్చి మార్చి చూశాడు. కూతురు క్రిస్టినాకి ఏడుపొక్కటే తక్కువ. కొత్తగా విడుదలైన గేమింగ్ టాబ్ అది. ఆకివీడు మొత్తానికి మొదటిది తనదే. సాయంత్రం తాడేపల్లిగూడెం ఇందు వాళ్ల జట్టుతో ఆన్‌లైన్ పోటీ. ఈ టాబ్ వస్తోందని చెప్పే తన జట్టులో చోటు సంపాదించింది. పొద్దుటి నుంచీ బండి వస్తుందేమోనని ఎన్నిసార్లు బయటికొచ్చి చూసిందంటే, గుమ్మం దగ్గర సిమెంటు అరిగి గుంట పడింది.

"నాన్నగారూ, ఒక్కసారి చూసి అప్పుడు చెప్పండి."

"చూసేదేంటమ్మా! పెట్టె మీద బొమ్మ బాగానే ఉంటది. మన చెరువులో వేసే మేత బస్తా మీద చేప ఎంత బలంగా ఉంటదీ? ఆ మేత తిన్న చేప ఎంత బక్కగా ఉంటదీ? ఇదీ అంతే. కాసేపు ఆడితే పెనంలా కాలిపోద్ది. ఆపైన ఆగిపోద్ది."

"ఇది వేడెక్కదండీ. లోపల ఫ్యానుంది."

"ఫ్యానా?" యోబు పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. "మరి రెక్కలేవీ?"

వంటింట్లోంచి పుష్పలత వచ్చింది. "ఏవండీ, పాపం ఆ అబ్బాయి ఎండలో నిలబడిపోయాడు. మీ వాదన మీరు తర్వాత పెట్టుకోండి. ఉంచుతారో పంపుతారో తేల్చండి."

"తేలుస్తా. బాబూ, తెరిచి చూశాక వద్దంటే తీసుకెళ్తావా?"

"ఆయ్, నచ్చకపోతే ఇప్పుడే పట్టుకుపోతానండి. నేను వెళ్లిపోయాక మాత్రం మాట మార్చకూడదండి."

"అయితే కూర్చో. టీ తాగు. అమ్మాయ్, నేనే ఆడతా. నీ తుపాకులూ బాంబులూ నాకొద్దు. నాకు తెలిసిన పని ఏదైనా ఉంటే పెట్టు. ఒక్కసారి ఆగిందా, ఒక్క అబద్ధం చూపించిందా, బాబు చేతిలో పెట్టేస్తా. తర్వాత ఏడవకూడదు."

క్రిస్టినా ఆలోచించి చేపలు పట్టే ఆట పెట్టింది. పెట్టాక నాలుక్కరుచుకుంది. కొల్లేటి నీళ్లలో ఈదుతూ పెరిగిన మనిషికి బొమ్మ చేపని చూపించి మెప్పించడమా! యోబు గట్టు మీద నిలబడి గాలి పీల్చి, చెరువులో ఏ చేప తిన్నదో ఏ చేప పస్తు ఉందో చెప్పేవాడు. చేపలు కూడా ఆయన మాట కాదనేవి కావు.

అరుగు మీద కుర్చీ వేసుకుని యోబు టాబ్ అందుకున్నాడు.

"ఇదేం నీరు? ఇంత నీలంగా ఉంటే చేపకి మేతెక్కడిది? పచ్చగా ఉండొద్దూ?"

"అది సముద్రమండీ."

"సముద్రమైతే ఉప్పు వాసన రాదేం?"

ఫయాజ్ టీ గ్లాసు అడ్డుపెట్టుకుని నవ్వాడు. క్రిస్టినాకి మాత్రం నవ్వు రాలేదు.

గాలం నీళ్లలో పడింది. యోబు పెదవి విరిచి కూర్చున్నాడు. ఇంతలో టాబ్ ఆయన చేతుల్లో గజగజ వణికింది.

"అమ్మాయ్! కొరికింది!"

"లాగండి నాన్నగారూ! అలా కాదు, కొంచెం వదిలి లాగండి!"

"నాకు చెప్తావేంటే! నువ్వు పుట్టకముందు నుంచీ..."

మాట పూర్తి కాకుండానే చేప పైకెగిరింది. తెరంతా వెండి మెరుపు. యోబు కుర్చీలోంచి లేచాడు. లుంగీ ఎప్పుడు ఎగ్గట్టాడో ఆయనకే తెలీదు. అరుగు దిగి, మడమలు మట్టిలో దిగేసి వెనక్కి వాలాడు. చాలక కొబ్బరిచెట్టుకి కాలు తన్నిపెట్టి లాగాడు. చెట్టే మూరెడు ముందుకు జరిగిందంటారు చూసినవాళ్లు. ఆయన పెట్టిన కేకకి కొల్లేట్లో కొంగలన్నీ ఒక్కసారి లేస్తే, ఏలూరులో మబ్బు పట్టిందనుకుని జనం ఆరేసిన బట్టలు తీసేశారు.

"ఈయనకి మతి పోయింది," అంది పుష్పలత. అంటూనే, ఆ చేప తోక విసిరితే నీళ్లు పడతాయేమోనని వాకిట్లో ఎండబెట్టిన ఒడియాలు లోపలికి పట్టుకుపోయింది.

"దాన్ని అలవనివ్వండి బాబాయిగారూ! అలవనివ్వండి!" ఫయాజ్ గ్లాసు వదిలేసి గెంతుతున్నాడు. ఇవ్వాల్సిన పార్సిళ్లు బండి మీద ఎండుతున్నాయి.

చేప ఒడ్డున పడింది. వెంటనే ఇంకోటి కొరికింది. అది పడేలోపు మరోటి. మధ్యలో యోబు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఎవరి మీదో రెండు ముక్కలు కేకేసి పెట్టేశాడు. ఆయన ఫోన్లన్నీ అలాగే ఉంటాయి గనక ఎవరూ పట్టించుకోలేదు.

ఎండ అరుగు దిగిపోయింది. టాబ్ వేడెక్కలేదు. ఆగలేదు. వేడెక్కిందల్లా యోబే.

"నాన్నగారూ, పోటీకి వేళైపోతోందండీ. ఏం తేల్చారు?"

"ఉండమ్మా. ఇంకా గురి కుదర్లేదు," అన్నాడు యోబు తెర మీంచి కళ్లు తియ్యకుండా.

"అయితే పట్టుకుపోమంటారా అండీ?" అన్నాడు ఫయాజ్ బెంగగా.

"తొందరపెట్టకు బాబూ. బొమ్మలు బానే కదులుతున్నాయి, కాదన్ను. కానీ ఎంత కదిలినా బొమ్మ బొమ్మే. నిజం చేపనీ బొమ్మ చేపనీ పోల్చుకోలేనా నేను? నన్ను మాయ చేసే యంత్రం ఇంకా పుట్టలేదు."

క్రిస్టినా మొహం వాడిపోయింది. ఫయాజ్ ఖాళీ పెట్టె కోసం చెయ్యి చాపాడు.

అప్పుడే వీధిలో పెద్ద హారన్ మోగింది. నీళ్లోడుకుంటూ ఒక లారీ గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు విశ్వాసం కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"యోబుగారండీ! పెద్ద చేపలు పడతన్నాయి, పాడైపోతాయి, ఉన్నపళంగా రమ్మని ఫోన్ చేశారు కదండీ... ఈ ఐసంతా ఎక్కడ దింపమంటారు?"