యాభై నాలుగు

గురువారం సాయంత్రం సరిగ్గా అయిదింటికి హాలు తలుపు తెరుచుకుంది.

"వచ్చాడు మీటరు," అన్నాడు డ్రమ్ములు వాయించే తమ్ముడు, వినబడేలాగే.

వచ్చినాయన శబ్ద నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరు. చేతిలో శబ్దం కొలిచే యంత్రం, చంకలో రిజిస్టరు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

బట్టలు కుట్టే కొట్టు పైనున్న ఆ హాల్లో తొమ్మిది మంది పదకొండేళ్లుగా సాధన చేస్తున్నారు. వయొలిన్ వాయించే అక్క వాళ్లకు పెద్ద.

మూడేళ్ల క్రితం ఉత్తర్వు వచ్చింది. ఇళ్ల మధ్య శబ్దం యాభై అయిదు డెసిబెల్స్ దాటకూడదు. మూడుసార్లు దాటితే హాలుకు సీలు. సాధన గురువారాలే. ఏ పాట వాయిస్తారో ముందుగా మూడు ప్రతుల్లో రాసివ్వాలి.

"ఇంక తుమ్మాలన్నా దరఖాస్తే," అనేవాడు తమ్ముడు.

"కిటికీలు మూయండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఉక్కపోసి చావమంటారా?"

"డ్రమ్ము కింద దుప్పటి వేయమన్నాను. వేశారా?"

"వేశాం. జోకొట్టి నిద్రపుచ్చమంటారా?"

అందరూ గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. యంత్రం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

వాయించారు. ఆయన ముఖంలో ఏమీ కదల్లేదు. ఎడమ కాలి బూటు మాత్రం నేల మీద ఆడుతూనే ఉంది.

"ఎప్పుడు పోదామా అని కాలు ఆడిస్తున్నాడు చూడు," అని గొణిగాడు తమ్ముడు.

పాట అయ్యాక ఆయన రిజిస్టరులో ఏదో రాసి, అంకె మీద అరచెయ్యి అడ్డం పెట్టి, అక్క ముందుకు జరిపాడు.

"సంతకం పెట్టండమ్మా."

"చెయ్యి తీస్తే పెడతాను."

"చూడకుండా పెడితేనే మీకు మంచిది."

"బెదిరిస్తున్నారా?"

ఆయన చెయ్యి తీయలేదు.

అక్క సంతకం పెట్టి పెన్ను విసురుగా బల్ల మీద పడేసింది. మూడేళ్లుగా ఇదే తంతు. మిగతా హాళ్లకు నెలకొకసారి వచ్చే తనిఖీ వీళ్లకు వారం వారం. కిందటి వారం మనిషి జ్వరంతో వణుకుతూ కూడా మెట్లెక్కి వచ్చాడు. ఇదేం పగ?

తమ్ముడు జేబులోంచి కాగితం తీశాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, మేం కూడా రాయడం నేర్చుకున్నాం. మీ పైవాళ్లకు ఫిర్యాదు. ఆ యంత్రంలో కొలిచిన ప్రతి అంకే తారీఖుతో సహా ఉండిపోతుందట కదా? అది తీసి, మీ రిజిస్టరు పక్కన పెట్టి చూడమని రాశాం. మా మీద ఏం తప్పుడు లెక్కలు రాస్తున్నారో తేలిపోతుంది."

రిజిస్టరు మూస్తున్న ఆయన చేతులు ఆగిపోయాయి.

"ఆ కాగితం పంపకండి."

"ఏం, భయమా?"

"అవును."

ఆ కాగితం మీద ఎనిమిది సంతకాలున్నాయి. మిగిలింది అక్కదే.

"అమ్మా, నా మాట వినండి. వద్దు."

"మూడేళ్లుగా మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశారు," అంది అక్క. "ఒక్కసారి మిమ్మల్ని కూడా చూడనివ్వండి."

తొమ్మిదో సంతకం పడింది.

ఆయన తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"ఆ చివర వాయించింది... ఇంకోసారి వాయిస్తారా?"

"మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టుకోండి," అన్నాడు తమ్ముడు.

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల మధ్యే ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తర్వాతి రెండు గురువారాలు ఎవరూ రాలేదు. కిటికీలు బార్లా తెరిచి వాయించుకున్నారు.

మూడో గురువారం కొత్త అధికారి వచ్చాడు. వెంట ఇద్దరు మనుషులు, వాళ్ల చేతుల్లో తాళం, లక్క.

"మీ ఫిర్యాదు మీద విచారణ అయింది," అంటూ ఫైలు విప్పాడు. "యంత్రంలో డెబ్బై ఒకటి, రిజిస్టరులో యాభై నాలుగు. యంత్రంలో అరవై ఎనిమిది, రిజిస్టరులో యాభై నాలుగు. యంత్రంలో డెబ్బై నాలుగు..."

"రిజిస్టరులో?" అంది అక్క.

"యాభై నాలుగే. మూడేళ్లూ అంతే."

తమ్ముడు డ్రమ్ము వెనకాల స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆయన ఎక్కడున్నారు?" అని అడిగింది అక్క.

"సస్పెండయ్యాడు. ఇంక ఉద్యోగం దక్కదు."

"మాకు ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"చెబితే మీకూ భాగం ఉన్నట్టే. అంకె కనబడకుండా సంతకాలు తీసుకున్నాననీ, మీకేమీ తెలియదనీ వాంగ్మూలం ఇచ్చాడు. అందుకే మీ మీద కేసు లేదు. హాలుకు మాత్రం సీలు."

వాయిద్యాలు ఒక్కొక్కటే మెట్లు దిగాయి. తమ్ముడు డ్రమ్ము కింది దుప్పటి తీసి మడత పెట్టాడు. విప్పి, మళ్లీ పెట్టాడు.

"అక్కా... ఆయన కాలు," అన్నాడు. "మూడేళ్లలో ఒక్కసారి కూడా లయ తప్పలేదే."

తలుపు మీద లక్క కరిగి పడుతుంటే అక్క అధికారి వైపు తిరిగింది.

"అందరికీ నెలకొకసారే కదా. మా దగ్గరికి ప్రతి వారం ఎందుకొచ్చేవాడు?"

"నెలకొకసారి తప్పనిసరి. మిగతా వారాలు మాలో ఎవరైనా వచ్చి తనిఖీ చేయొచ్చు," అన్నాడు అధికారి, సీలు గట్టిగా అదుముతూ. "ఆ వారాలన్నిటికీ పట్టుబట్టి తన పేరే వేయించుకున్నాడమ్మా. ఒక్క గురువారం వదిలేసినా, నేనొచ్చేవాణ్ని."