రెండో గరిటె

తప్పులుంటే దిద్దుకుని చదవండి. మా ఆయన పోయాక నేర్చిన రాత, మెల్లగా సాగుతుంది.

ఫిన్లాండులో ఇప్పుడు అందరి చెవుల్లోనూ ఒకరి భాషని ఇంకొకరి భాషలోకి మార్చి వినిపించే గుండీలే. అయినా నాకు పని దొరకలేదు. చివరికి ఒక వృద్ధాశ్రమం వంటగదిలో, వారం చేసి చూపిస్తే ఉంచుకుంటామన్నారు.

మొదటిరోజు ఎయినో తాతగారు సూపు చాలన్నారు. మొహమాటమనుకుని ఇంకో గరిటె పోశాను.

పెద్ద వంటామె మార్యా కసిరింది. "వద్దంటే వద్దనే! మళ్ళీ పోస్తే ఇంటికే."

"మావైపు మూడుసార్లడిగితే గానీ ఎవులూ పొయ్యమనరమ్మా," అన్నాను. తాతగారు గుండీ సర్దుకుని మరీ విన్నారు.

మర్నాడు తాతగారు చాలనగానే గరిటె దించేశాను. ఆయన నన్నే చూస్తూ, "వద్దు," అని గిన్నె ముందుకు జరిపారు.

భయంగా మార్యా వైపు తిరిగాను.

"చూస్తావేం? పొయ్యి!" అంది.

బొడ్డు నూకాలమ్మ, అరవై నాలుగేళ్ళు, ఔలు పట్టణం, వృద్ధాశ్రమం వంటగది పక్క గది.