బురద కింద రోడ్డు

ఇంటింటికీ బురదలోనైనా నడిచే ఫోర్‌వీల్ డ్రైవ్ బండి వచ్చాక సర్కారు రోడ్లు వేయడం మానేసింది. ముప్పై ఏళ్లు రోడ్డు పనిలో తారు పోసిన పైడయ్యకూ ఒకటి కొనక తప్పలేదు. భార్య రాములమ్మకు వారానికి రెండుసార్లు డయాలసిస్.

ఆ రోజు ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, వానకి దారంతా బురద. పైడయ్య టైర్లలో గాలి కొంచెం తగ్గించి, అందరూ వెళ్లే చక్రాల జాడ వదిలేసి బండిని పక్కకి తిప్పాడు.

"అటెందుకయ్యా?" అంది రాములమ్మ.

"ఈ బురద కింద నా రోడ్డుందే. నేనేసిన కంకర. బండి దిగబడదు."

పది గజాలు పోయాక నాలుగు చక్రాలూ కూరుకుపోయాయి. పైడయ్య దిగి, చంక దాకా చెయ్యి పెట్టి వెతికాడు. కంకర ఎవరో ఎప్పుడో పునాదులకి తవ్వుకుపోయారు.

"రాయి తగిలిందేటయ్యా?" ఆయాసపడుతూ అడిగింది రాములమ్మ.

"తగిలిందే," అన్నాడు, ఉత్త చెయ్యి బురదలోంచి బయటికి తీయకుండా.