జీను కింద మూడు వేళ్లు

ఆదివారం పదకొండు కాకముందే కుళ్లాయప్ప కొట్టంలో బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. భార్య ఫోను గోడకు ఆనించి, తిట్టడానికి సిద్ధమైనవాడిలా గొంతు సవరించుకున్నాడు.

తెర మీదికి అరుణజ్యోతి వచ్చింది. బెంగళూరు దగ్గర గుర్రపు స్వారీ నేర్పే బళ్లో పనిచేస్తుంది. ముప్పై ఏళ్లుంటాయేమో. మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో టేపు. గుర్రాన్ని ఎలా చూసుకోవాలి, జీను ఎలా అమర్చాలి అని స్వారీ చేసేవాళ్లకు వారం వారం ఆన్‌లైన్లో పాఠాలు చెబుతుంది. వినేవాళ్లు వందమందికి పైనే. హైదరాబాదులో కొత్తగా గుర్రమెక్కిన ఉద్యోగస్తులే ఎక్కువ.

"వచ్చిందప్పా టైలరమ్మ, టేపు పట్టుకోని" అన్నాడు కుళ్లాయప్ప.

బెళుగుప్ప చుట్టుపక్కల ముప్పై ఏళ్ల పాటు పెళ్లికొడుకును ఊరేగించే మెరవణి అంటే కుళ్లాయప్ప గుర్రమే. ఆ విద్య తన నాయన దగ్గర నేర్చుకున్నాడు. నాయన కుట్టించిన ఒక్క జీనే వరసగా నాలుగు గుర్రాల వీపెక్కింది. ఏ గుర్రమూ కొలతలు తీయమని అడగలేదు. అలాంటి మనిషికి ఈ లింకు పంపింది గుర్రాల కాళ్లకు నాడాలు కొట్టే రంగన్న. "ఒకసారి చూడప్పా" అన్నాడే గాని, ఎందుకో చెప్పలేదు. ఆ ఒకసారి కాస్తా పన్నెండు ఆదివారాలైంది.

అరుణజ్యోతి పక్కన తెల్లటి ఆడగుర్రం నిలబడి ఉంది. ఏ పాఠమైనా చేసి చూపించేది దాని మీదే. పేరు మిల్కీ.

"మిల్కీ అంట. పాల ప్యాకెట్టుకు పెట్టినట్ల పెట్టినారు."

"మెడ దిగి వీపు మొదలయ్యే చోట చూడండి" అంటోంది అరుణజ్యోతి. "జీను వేశాక ఇక్కడ మూడు వేళ్లు దూరాలి. దూరకపోతే బరువంతా ఎముక మీదే పడుతుంది. పాపం, అది నోరు తెరిచి చెప్పలేదు. జీను తెస్తుంటే చెవులు వెనక్కి పెడుతుంది. కడుపు పట్టీ బిగిస్తుంటే కరవడానికి వస్తుంది. మనం దాన్ని పొగరంటాం."

"పొగరు గాక ఇంకేంది. రెండు తగిలిస్తే అదే నిలబడతాది. దీనికొక పాఠం, దానికి వందమంది శిష్యులు."

మజ్జిగ తెచ్చిన భార్య గంగాదేవి అక్కడే ఆగింది. "అంత ఎగతాళిగా ఉంటే ఎందుకు చూస్తాండావయ్యా?"

"నవ్వుకోవల్లని చూస్తాండా. పో."

ఆమె అతని భుజం మీదుగా తెర వైపు ఒక్క క్షణం చూసింది. చెంబు పక్కన పెట్టి వెళ్లిపోయింది.

ఈ పన్నెండు వారాలూ కుళ్లాయప్ప ఆ పంతులమ్మను ఊరికే వదల్లేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ప్రశ్నలు రాసేవాడు. జీను తీసి ఒట్టి వీపు చూపించమన్నాడు. నిలబెట్టి ఏం చెబుతారు, నాలుగడుగులు నడిపించమన్నాడు. మేత ఏం పెడుతున్నారు, ఉలవల మొహం ఎప్పుడైనా చూశారా అన్నాడు. ఫోను భార్యది కాబట్టి తెర మీద పడేది ఆమె పేరే. "గంగాదేవి గారు నాకే పరీక్ష పెడుతున్నారు" అని అరుణజ్యోతి నవ్వేది. అడిగింది మాత్రం చేసి చూపించేది. మిల్కీ నడుస్తుంటే కుళ్లాయప్ప పెదవి విరిచేవాడు. "పనీ పాటా లేక బలిసింది."

ఈ రోజు ఆఖరి పాఠం. ఎవరైనా నేరుగా మాట్లాడవచ్చునట. కుళ్లాయప్ప దానికోసమే కాచుకుని ఉన్నాడు. ఆమెను నలుగురిలో కడిగేయడానికి నాలుగు మాటలు రాత్రే కూర్చి పెట్టుకున్నాడు.

అరుణజ్యోతి జీను దించి, మిల్కీ వీపు మీద వెంట్రుకలు పలచబడిన చోట చెయ్యి వేసింది.

"ఈ మచ్చ ఏమిటని చాలామంది అడిగారు. మిల్కీ మా దగ్గర పుట్టిన గుర్రం కాదు. పోయిన ఏడాది మావాళ్లు తెచ్చేనాటికి ఇక్కడ అరచెయ్యంత పుండు. పురుగు పట్టి ఉంది. ఆ పుండు మీదే రోజూ జీను వేసి తిప్పారు. మొదటి నెలంతా మనిషి దగ్గరికొస్తే వణికేది."

తెర కింద మాటలు వరసగా పడ్డాయి. వాడు మనిషేనా. అలాంటివాణ్ని జైల్లో పెట్టాలి. వాడి వీపు మీద ఎక్కించండి ఆ జీను.

"గంగాదేవి గారు చెయ్యి ఎత్తారు. మాట్లాడండి."

"గంగాదేవి నా పెండ్లామండి. నేను మెరవణి గుర్రాలోన్ని. ముప్పై ఏండ్లు అదే పని."

"అయితే మీరే చెప్పాలన్నా. అంత అనుభవం ఉన్నవారు, అలాంటి మనిషిని ఏమంటారు?"

కుళ్లాయప్ప బకెట్టు మీంచి ముందుకు వంగి తెరను దగ్గరగా చూశాడు. తెర మీద మిల్కీ తల విదిలించింది.

"అన్నా, వినపడుతోందా?"

"ఇనపడతాండాది. వాడా? వానికి జీనంటే తెల్దు, గుర్రమంటే తెల్దు. మెరవణిలో జనం ఈలలేస్తాంటే తానే పెద్ద మొనగాణ్ననుకున్యాడు. పుండు కనపడకుండా పైన జరీ గుడ్డ కప్పినాడు. అది కరవను వస్తే ముట్టెమీద కొట్టినాడు. తోలుకపోయి మంచిపని చేసినారు మేడం. రేపు వాడొచ్చి కాళ్లు పట్టుకున్యా ఇయ్యొద్దండి."

తెర నిండా చప్పట్ల బొమ్మలు పడ్డాయి. బాగా గడ్డి పెట్టారన్నా అని ఎవరో రాశారు.

కుళ్లాయప్ప ఫోను ఆపేశాడు.

కిందటి ఏడాది ఎండాకాలంలో ఆ గుర్రాన్ని బెంగళూరు వాళ్లు లారీ ఎక్కించింది అతను కూర్చున్న ఈ కొట్టంలో నుంచే.